ఏసీ కొనే ముందు ఒక్కసారి స్లాబ్ మీదికెళ్ళి చూడండి

ఎండలు ఎట్లున్నాయి మీ దగ్గర? మా దగ్గర, అంటే పీర్జాదిగూడలో, పొద్దున తొమ్మిదికే రోడ్డు మీద నిలబడబుద్ధి కాదు. ఉప్పల్ దాటి వరంగల్ హైవే మీద వస్తుంటే బైక్ హ్యాండిల్ పట్టుకున్న చేతులు కాలిపోతాయి. సరే, బయట ఎండ సంగతి మన చేతిలో లేదు. ఈ రోజు ఎపిసోడ్ ఇంట్లో వేడి గురించి, ఇంటి కరెంట్ బిల్లు గురించి. ఈ రెండూ వేరు వేరు విషయాలు అనుకుంటాం కదా, కాదు. రెండూ ఒకటే కథ.

ఇది ఎక్కడో చదివి చెప్తున్నది కాదు. మా ఇంట్లో జరిగింది. లెక్కలతో సహా చెప్తా. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి, మధ్యలో మీ ఇంటి లెక్క కూడా వేసుకోవచ్చు.

మేం ఉండేది అద్దె ఇల్లు. మూడంతస్తుల బిల్డింగ్, మాది పైన పోర్షన్. పై పోర్షన్ అంటే మీకు తెలుసు, అద్దె కొంచెం తక్కువ, వేడి చాలా ఎక్కువ. నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటర్. ఎక్కువ నైట్ షిఫ్టులే. పొద్దున ఎనిమిదింటికి ఇంటికొస్తాడు, తిని తొమ్మిదింటికి పడుకుంటాడు. అంటే ఊరంతా మేలుకొని ఉన్న టైంలో, స్లాబ్ నిప్పులా కాలే టైంలో, మా నాన్న నిద్రపోవాలి.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఏమైందంటే, నాన్నకు పగలు నిద్ర పూర్తిగా పోయింది. పదకొండున్నరకే లేచి కూర్చునేవాడు. బనీను తడిసిపోయి, తలనొప్పి. మళ్ళీ రాత్రి డ్యూటీ. ఒక రోజు పొద్దున వస్తూ ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర సిగ్నల్ పడితే, బండి మీదే కళ్ళు మూతలు పడ్డాయంట. వెనక బస్సు హారన్ కొడితే ఉలిక్కిపడి లేచాడంట. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. మాకెవ్వరికీ నవ్వు రాలేదు. మెషిన్ ముందు రాత్రంతా నిలబడే మనిషి అట్లా కునుకు తీస్తే ఏమవుతుందో మా అమ్మకు వెంటనే అర్థమైంది.

మా తమ్ముడు అదే రోజు సాయంత్రం ఫోన్ పట్టుకొని వచ్చాడు. "అన్నా, ఏసీ తీస్కుందాం. నో కాస్ట్ ఈఎంఐ ఉంది" అని. నేను కూడా సరే అన్నా. నిజంగా చెప్తున్నా, నేను కూడా ఆర్డర్ పెట్టేసేవాడినే. సరిగ్గా అదే వారం కరెంట్ బిల్లు వచ్చింది.

ఆ బిల్లు సంగతి చెప్పాలంటే ముందు గృహజ్యోతి గురించి చెప్పాలి. మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. 2023 డిసెంబర్ ఆఖర్లో ప్రజాపాలన అప్లికేషన్లు తీసుకున్నారు, 2024 మార్చి బిల్లుల నుంచి జీరో బిల్లులు మొదలయ్యాయి. రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అద్దెకున్నవాళ్ళకు కూడా వర్తిస్తుంది. మాకూ వస్తోంది. కానీ ఆ నెలలో వాడకం 200 దాటితే? దాటిన యూనిట్లకే కట్టాలి అనుకుంటారు చాలామంది. కాదు. మొత్తం బిల్లు కట్టాలి.

మా బిల్లులో 214 యూనిట్లు. దాటింది పద్నాలుగు. ఇప్పుడు లెక్క చూడండి. మన తెలంగాణలో ఇళ్ళ కరెంట్‌కు స్లాబులున్నాయి. నెలకు 100 దాటి 200 లోపల వాడితే మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. అంటే సరిగ్గా 200 వాడితే ఎనర్జీ ఛార్జీ 340 ప్లస్ 480, మొత్తం 820. అదే 200 దాటిందనుకోండి, ఇక ఆ రేటే ఉండదు. మొదటి 200 యూనిట్లకు మొదటి నుంచీ 5 రూపాయల 10 పైసలు పడుతుంది. అంటే 1,020. ఆ పైన 300 దాకా యూనిట్ 7 రూపాయల 70 పైసలు. కాబట్టి 201 యూనిట్లు వాడితే 1,027 రూపాయల 70 పైసలు. చూశారా? ఆ ఒక్క 201వ యూనిట్ ఖరీదు 207 రూపాయలు! గృహజ్యోతి లేనివాళ్ళకే ఇంత తేడా. ఉన్నవాళ్ళకు ఆ ఒక్క యూనిట్ వల్ల సున్నా కాస్తా వెయ్యి దాటుతుంది.

మాకు 214 అయ్యేసరికి 1,127 రూపాయల 80 పైసలు. దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, డ్యూటీ అదనం. పద్నాలుగు యూనిట్లకు పదకొండు వందలు పైనే అన్నమాట.

ఇప్పుడు దీని మీద ఏసీ పెడితే ఏంటి పరిస్థితి? టన్నున్నర ఏసీ మే నెలలో రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే, స్లాబ్ అంత వేడిగా ఉన్న ఇంట్లో, రోజుకు ఏడెనిమిది యూనిట్లు ఎక్కడికీ పోవు. నెలకు 210, 240. మా 214కు ఒక 216 కలిపితే 430 యూనిట్లు. 300 నుంచి 400 దాకా యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9 రూపాయల 50 పైసలు. 430కి లెక్కేస్తే 2,975 రూపాయలు. ప్లస్ ఈఎంఐ. నాన్న ఈ లెక్క విని ఒకటే మాటన్నాడు. "ఏసీల పండుకునుడు నేనే, దాని బిల్లు కోసం ఓటీ చేసుడు నేనే. ఇగ నిద్రెక్కడిది రా?"

ఆ మాటతో ఏసీ ఆర్డర్ ఆగిపోయింది. కానీ నిద్ర సమస్య అలాగే ఉంది కదా. అప్పుడు మొదలుపెట్టాం అసలు పని. ముందు కరెంట్ ఎక్కడికి పోతోంది, వేడి ఎక్కడి నుంచి వస్తోంది, ఈ రెండూ తెలుసుకోవాలి.

మొదటిదానికి మీకు కావాల్సింది మీ ఫోన్, మీ కరెంట్ మీటర్. అంతే. డిజిటల్ మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు టిక్ టిక్ అని వెలుగుతుంటుంది, గమనించారా? దాని పక్కన ఒక నంబర్ రాసి ఉంటుంది. మా మీటర్ మీద 3200. అంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. మీ మీటర్ మీద వేరే నంబర్ ఉండొచ్చు, చూసుకోండి. నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి, దాన్ని 60తో గుణించి, 3,200తో భాగించి, 1,000తో గుణిస్తే ఆ క్షణంలో మీ ఇల్లు వాడుతున్న వాట్స్ వస్తుంది. 3200 మీటర్ అయితే షార్ట్‌కట్ ఏంటంటే, ఒక్కో టిక్కుకు సుమారు 19 వాట్లు.

మీటర్లు కింద మెట్ల దగ్గర ఉంటాయి కదా. నేను స్టాప్‌వాచ్ పెట్టుకొని కింద, తమ్ముడు ఫోన్ లైన్లో పైన. "ఫ్రిజ్ ప్లగ్ తీసెయ్... అన్నీ బంద్ చేయ్... ఇప్పుడు ఫ్యాన్లు వెయ్." వచ్చేపోయేవాళ్ళు వీడికేమైంది అన్నట్టు చూశారు. పర్లేదు, ఇరవై నిమిషాల్లో మా ఇంటి జాతకం బయటపడింది.

అన్నీ ఆపేసినా నిమిషానికి ఒక టిక్ వస్తోంది. అంటే 19 వాట్లు. ఏంటది? టీవీ రిమోట్‌తో ఆపేశాం, కానీ సెట్ టాప్ బాక్స్ ఆన్‌లోనే ఉంది. వైఫై రౌటర్ ఒకటి. 19 వాట్లే కదా అనుకోవద్దు. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు వేస్తే పదమూడున్నర యూనిట్లు. మేం దాటింది పద్నాలుగు! రౌటర్ ఆపలేం, నేనే ఒప్పుకోను. కానీ సెట్ టాప్ బాక్స్ గోడ స్విచ్ దగ్గర ఆపితే నెలకు ఏడు యూనిట్ల దాకా మిగులుతాయి. ఖర్చు సున్నా.

తర్వాత నాలుగు ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో వేశాం. అదనంగా 16 టిక్కులు. అంటే 300 వాట్లు, ఫ్యాన్‌కు 75. మా ఇంట్లో ఫ్యాన్లు అన్నీ కలిపి రోజుకు దాదాపు 48 గంటలు తిరుగుతాయి. నాన్న గదిలో పగలు నాన్న, రాత్రి మేం, కాబట్టి ఆ ఫ్యాన్ ఇరవై గంటలు. హాల్లో పదహారు. మిగతావి పన్నెండు. లెక్క వేస్తే నెలకు 108 యూనిట్లు. మొత్తం బిల్లులో సగం ఫ్యాన్లదే! మేమేమో ఇన్నాళ్ళు లైట్ ఆపలేదని తమ్ముణ్ని తిడుతున్నాం. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. పాపం వాడు.

ఇక్కడే బీఎల్‌డీసీ ఫ్యాన్ సంగతి. పేరు కష్టంగా ఉంది కానీ విషయం సింపుల్. మామూలు ఫ్యాన్ మోటార్‌లో కరెంట్‌లో కొంత భాగం వేడిగా పోతుంది. మామూలు ఫ్యాన్ కాసేపు తిరిగాక మోటార్ డబ్బా పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది చూడండి, ఆ వెచ్చదనం మీ బిల్లే. బీఎల్‌డీసీలో రోటర్‌కు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ నడిపిస్తుంది. అదే గాలికి 28 నుంచి 35 వాట్లు చాలు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, కాబట్టి షాపులో డబ్బా మీద చూసి కొనొచ్చు. ధర రెండున్నర వేల నుంచి మూడున్నర వేల మధ్య. అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు. ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాన్ ఏదో అది ముందు మార్చండి. మేం నాన్న గదిలోది, హాల్లోది, రెండే మార్చాం. రెండూ కలిపి రోజుకు 36 గంటలు. ఫ్యాన్‌కు 45 వాట్లు మిగిలితే నెలకు 48 యూనిట్ల పైన. చిన్న జాగ్రత్త, పాత రెగ్యులేటర్ ఉంటే దాన్ని తీయించేసి డైరెక్ట్ కనెక్షన్ ఇప్పించండి. చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్ల స్పీడ్ రిమోట్‌తోనే మార్చాలి.

సరే, కరెంట్ సంగతి అయిపోయింది. కానీ కొత్త ఫ్యాన్ వేసినా నాన్న నిద్ర లేచే టైం మారలేదు. పదకొండున్నర, మహా అయితే పన్నెండు. ఎందుకంటే ఫ్యాన్ గదిని చల్లబరచదు. ఉన్న గాలినే తిప్పుతుంది. స్లాబ్ కింద వేడి గాలి ఉంటే ఆ వేడి గాలినే ఒంటి మీదికి కొడుతుంది.

ఒక రోజు మధ్యాహ్నం స్టూల్ ఎక్కి సీలింగ్‌కు చెయ్యి పెట్టా. వెంటనే తీసేశా. ఇస్త్రీ పెట్టె తీసేశాక బట్ట ఎలా ఉంటుందో అలా ఉంది. అప్పుడు అర్థమైంది, మా ఇంట్లో వేడి కిటికీలోంచి రావడం లేదు, నెత్తి మీద నుంచి వస్తోంది.

ఇది ఎలా జరుగుతుందంటే, మన స్లాబులు నాలుగైదు అంగుళాల కాంక్రీట్. బూడిద రంగు, నాచు పట్టి ఇంకా నల్లగా ఉంటుంది. పొద్దున్నుంచి ఎండ మింగుతుంది. బయట గాలి 41, 42 డిగ్రీలుంటే స్లాబ్ పైభాగం 60 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ వేడి మెల్లగా కిందికి దిగుతుంది, దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సూర్యుడు పోయాక కూడా రాత్రి తొమ్మిదింటికి పై పోర్షన్ ఓవెన్‌లా ఉంటుంది. బయట చల్లగాలి, లోపల ఉక్కపోత. పై పోర్షన్ వాళ్ళందరికీ ఇది అనుభవమే.

మన పాత ఇళ్ళు గుర్తున్నాయా? ఊళ్ళో అమ్మమ్మ వాళ్ళ ఇల్లు. మందం గోడలు, ఎత్తు కప్పు, పైన గాలి పోవడానికి వెంటిలేటర్లు, డంగు సున్నం. పండక్కి సున్నం వేసేవాళ్ళు. అది అందం కోసం మాత్రమే అనుకున్నాం మనం. తెల్లదనం ఎండను తిప్పికొడుతుంది. ఇప్పుడు దానికే కూల్ రూఫ్ అని పేరు.

ఇది మన హైదరాబాద్‌లోనే పరీక్షించి చూశారు. 2017లో జీహెచ్‌ఎంసీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఎన్‌ఆర్‌డీసీ అనే సంస్థ కలిసి ఒక బస్తీలో 25 చిన్న ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి లోపల టెంపరేచర్ కొలిచారు. సగటున 2 డిగ్రీలు తగ్గింది. తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2023 నుంచి 2028 దాకా. లక్ష్యం రాష్ట్రం మొత్తం 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో 200 ఒక్క హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ భవనాలకు, కమర్షియల్ భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి. 600 గజాల లోపు వాళ్ళకు ఇష్టం. మన పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి కాలనీల్లో ఎన్ని ఇళ్ళు 600 గజాల్లో ఉంటాయి చెప్పండి? నూరు గజాలు, నూట యాభై గజాలు, రెండొందల గజాలు. కాబట్టి మనల్ని ఎవరూ వచ్చి వేయించరు. మనమే వేయించుకోవాలి.

అద్దె ఇల్లు కదా, ఓనర్ అంకుల్‌ను అడిగా. ఆయన కిందే ఉంటారు. మంచాయనే, కానీ డబ్బు విషయం కదా. "పైకప్పుకు రంగేంది బాబూ? రేపు మీరు ఖాళీ చేసి పోతరు. నాకేం లాభం?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. వేడి మాకు, ఖర్చు ఆయనకు. ఎవరికి కష్టమో వాళ్ళ చేతిలో కప్పు లేదు, ఎవరి చేతిలో కప్పుందో వాళ్ళకు కష్టం లేదు. అద్దె ఇళ్ళలో ఇదే అసలు చిక్కు. ఊళ్ళన్నింటా ఇదే.

నేను అన్నా, "అంకుల్, మీరు ఒక్క రూపాయి పెట్టొద్దు. నాన్న పడుకునే గది పైన మాత్రం సున్నం వేసుకుంటాం. నచ్చకపోతే ఒక్క వానకు పోతుంది." సరే కానియ్యి అన్నారు.

మొదటిసారి ఫెయిల్ అయ్యాం. అది కూడా చెప్తా, మీరు చేయొద్దు. స్లాబ్ మీద దుమ్ము ఊడ్చాం కానీ కడగలేదు. మా దగ్గర హైవే దుమ్ము ఎట్లుంటదో తెలుసు కదా. దాని మీద చిక్కగా ఒకే కోటింగ్ కొట్టేశాం, అదీ మధ్యాహ్నం ఎండలో. రెండ్రోజుల్లో అప్పడాల్లా లేచి వచ్చింది. అమ్మ చూసి ఒక్క మాట అనలేదు, చీపురు నా చేతికి ఇచ్చింది.

రెండోసారి పద్ధతిగా చేశాం. ముందు రోజు ఇనుప బ్రష్‌తో నాచు గీకి, నీళ్ళతో కడిగి ఆరనిచ్చాం. సున్నం ముందురోజే నానబెట్టి, గుడ్డతో వడకట్టి, జిగురు కలిపి, పల్చగా చేసి, సాయంత్రం ఎండ పోయాక మొదటి కోటింగ్. ఆరాక తెల్లారి రెండోది, ఆ సాయంత్రం మూడోది. జాగ్రత్తలు వినండి. సున్నం నీళ్ళలో వేసినప్పుడు సలసల కాగుతుంది, ప్లాస్టిక్ బకెట్లో ఒక్కసారిగా పోయొద్దు. కళ్ళద్దాలు, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. కంట్లో పడితే చాలా ప్రమాదం. పిట్టగోడ లేని స్లాబ్ అయితే అంచుల దగ్గరికి వెనక్కి నడుస్తూ వేయొద్దు.

ఇప్పుడు మా దగ్గర ఒక మంచి పరీక్ష తయారైంది. ఒకే స్లాబ్. నాన్న గది పైన తెలుపు, మా గది పైన బూడిద రంగు. అదే ఎండ, అదే రోజు. చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చి రెండు గదుల్లో ఒకే ఎత్తులో పెట్టా. సాయంత్రం నాలుగింటికి చూస్తే మా గది 38, నాన్న గది 35.5. వారం రోజులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా. ఒకరోజు రెండు, ఒకరోజు రెండున్నర, మబ్బు ఉన్న రోజు ఒక్క డిగ్రీ. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, మా ఇంటి కొలత. కానీ తేడా ప్రతిరోజూ ఒకే వైపు ఉంది. స్టూల్ ఎక్కి సీలింగ్‌కు చెయ్యి పెడితే, నాన్న గదిలో చెయ్యి తీయాల్సిన పని లేదు.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఓనర్ అంకుల్ నీళ్ళ ట్యాంక్ చూడ్డానికి పైకి వచ్చారు. "అంకుల్, చెప్పులు విప్పి ఒక్కసారి ఇటు నిలబడండి" అన్నా. తెల్లటి వైపు నిలబడ్డారు, బానే ఉంది. "ఇప్పుడు అటు." బూడిద వైపు రెండడుగులు వేసి ఎగిరి మళ్ళీ తెల్లటి వైపు దూకారు. నేను వివరించాల్సిన పనే పడలేదు. రెండు నిమిషాలు అక్కడే నిలబడి, "ఆ మూలకు పగుళ్ళున్నయి, వానకాలం చెమ్మ దిగుతుంది. దానికీ దీనికీ కలిపి ఒకటే మందు ఉంటదా?" అని అడిగారు.

ఉంటుంది. వాటర్ ప్రూఫింగ్, కూల్ రూఫ్ రెండూ కలిపి ఉన్న తెల్లటి కోటింగులు మార్కెట్లో ఉన్నాయి. పాలసీ విడుదల చేసిన రోజు అప్పటి మంత్రి కేటీఆర్ చదరపు మీటరుకు 300 రూపాయల దాకా అవుతుందని చెప్పారు. మా స్లాబ్ 900 చదరపు అడుగులు, అంటే 84 చదరపు మీటర్లు. ఆ లెక్కన పాతిక వేలు. ఓనర్ అంకుల్ చెమ్మ కోసం ఎలాగూ ఖర్చు పెట్టాల్సిందే కాబట్టి ఒప్పుకున్నారు. మేం ఆరు వేలు ఇచ్చాం. బదులుగా ఆ ఏడాది అద్దె పెంచనన్నారు. అద్దెకున్న ఫ్రెండ్స్‌కు నేను చెప్పేది ఇదే. ఓనర్ దగ్గరికి వెళ్ళి "మాకు వేడిగా ఉంది" అని చెప్తే పని కాకపోవచ్చు. ఆయన స్లాబ్‌కు ఏం కావాలో చూసి, అక్కడి నుంచి మాట మొదలుపెట్టండి.

ఇంకా ఏం చేశామో గబగబా చెప్తా. పడమటి కిటికీకి లోపల కర్టెన్ తీసేసి బయట వెదురు తడిక కట్టాం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. బయటే ఆపాలి. పొద్దున పదింటికల్లా కిటికీలు మూయడం, రాత్రి బయట చల్లబడ్డాక అన్నీ తెరవడం. ఫ్రిజ్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపాం, వెనక వేడి బయటికి పోవాలి కదా. ఫ్రిజ్ డోర్‌లో కాగితం పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. రబ్బరు మార్చడం చిన్న ఖర్చు.

మిగిలిన యూనిట్లతో నాన్న గదికి ఒక కూలర్. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే పొడి ఎండలు, కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగాక పనిచేయదు. 150 వాట్లు, రోజుకు ఆరు గంటలు, నెలకు 27 యూనిట్లు. కూలర్ నడిచేటప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచాలి, లేదంటే గది బాత్రూంలా అవుతుంది.

ఒక హెచ్చరిక. మీ ఫోన్లో యాడ్స్ వస్తుంటాయి, "ఈ చిన్న బాక్స్ ప్లగ్‌లో పెట్టండి, బిల్లు సగం తగ్గుతుంది" అని. కొనొద్దు. లోపల ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక లైటు. అది చేసేది ఏదైనా ఉంటే మన ఇంటి మీటర్ లెక్కపెట్టే యూనిట్లకు దానితో సంబంధం లేదు. కావాలంటే నేను చెప్పిన టిక్కుల పరీక్ష చేయండి. బాక్స్ పెట్టక ముందు, పెట్టాక. టిక్కులు తగ్గవు.

ఏసీ తప్పు అని నేను అనట్లేదు. పెద్దవాళ్ళు, పసిపిల్లలు, జబ్బు ఉన్నవాళ్ళు ఉంటే అవసరమే. 2020 నుంచి వచ్చే స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా చేశారు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంట్ మిగులుతుంది. 26 పెట్టి ఫ్యాన్ వేసుకోండి. కానీ స్లాబ్‌ను చల్లబరచకుండా ఏసీ కొంటే, పొయ్యి మీద గిన్నె పెట్టి అందులో ఐస్ వేసినట్టే. ముందు పొయ్యి ఆపండి. సొంతిల్లు ఉన్నవాళ్ళు సోలార్ కూడా చూడండి, 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేస్తా.

ఇంతకీ మా రీడింగ్ ఎంతొచ్చిందంటే... పనులు సగం అయిన నెలలో 197. అన్నీ అయిపోయిన నెలలో, కూలర్ నడుస్తూ కూడా, 186. రెండు నెలలూ జీరో బిల్లు. ఇప్పుడు తమ్ముడికి ఒక డ్యూటీ ఇచ్చాం, రీడింగ్ తీసిన పదిహేనో రోజు మీటర్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాలి. వంద లోపుంటే ఓకే. దాటితే అందరం జాగ్రత్త పడతాం.

నాన్న సంగతి చెప్పలేదు కదా. ఇప్పుడు పగలంతా ఏసీలో పడుకున్నట్టు చల్లగా ఉండదు, అది అబద్ధం అవుతుంది. మే చివర్లో రెండు మూడు రోజులు ఆయనకు మళ్ళీ నిద్ర పట్టలేదు. కానీ మామూలు రోజుల్లో రెండు, రెండున్నర దాకా పడుకుంటున్నాడు. అంటే రెండు గంటలకు పైగా నిద్ర ఎక్కువ. అమ్మ ఇప్పుడు మధ్యాహ్నం మిక్సీ వేయనివ్వదు, టీవీ పెట్టనివ్వదు, "మీ నాయిన పండుకున్నడు" అని గుసగుసగా చెప్తుంది. అన్నిటికంటే మాకు మిగిలింది అదే.

కాబట్టి ఈ వారం మీ పని రెండే. ఒకటి, మీ బిల్లు తీసి ఎన్ని యూనిట్లో చూడండి, 200కు అటా ఇటా. రెండు, రేపు మధ్యాహ్నం స్టూల్ ఎక్కి సీలింగ్‌కు చెయ్యి పెట్టండి. చెయ్యి కాలితే, ఏసీ షాపుకు వెళ్ళే ముందు స్లాబ్ మీదికి వెళ్ళండి. చెప్పులు వేసుకొని వెళ్ళండి మరి!

మళ్ళీ కలుద్దాం. నీళ్ళు బాగా తాగండి. జాగ్రత్త. ఉంటా మరి.